గురుపౌర్ణమి ఇంట్లో ఎలా చేసుకోవాలి, గురువుగారి దగ్గరికి ఎలా వెళ్ళాలి: మొదటినుంచి చివరిదాకా

ఆషాఢం వచ్చిందంటే తెలిసినవాళ్ళు అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే ఉంటాయి. మాకు ఉపదేశం అవ్వలేదు, మేం గురుపూజ చేసుకోవచ్చా? స్వామివారి దర్శనానికి వెళ్తున్నాం, ఏం తీసుకెళ్ళాలి? పాదాలు ముట్టుకోవచ్చా? దక్షిణ ఎంత పెట్టాలి, చేతికివ్వాలా పళ్ళెంలో పెట్టాలా? ఇవన్నీ అడగాలంటే మొహమాటపడి, అక్కడికెళ్ళి పక్కవాళ్ళు చేసింది చూసి చేసేసి వచ్చేవాళ్ళే ఎక్కువమంది. అందుకే అన్నీ ఒకచోట వరసగా రాస్తున్నాను. పెద్ద మఠాల్లో జరిగే వ్యాసపూజ లాంటిది ఇంట్లో అక్కర్లేదు, మామూలు గృహస్థులు గంట, గంటన్నరలో శ్రద్ధగా చేసుకునే పద్ధతి ఇది.

మొదలెట్టే ముందు ఒక్క మాట. భగవద్గీత నాలుగో అధ్యాయంలో కృష్ణుడు అర్జునుడికి జ్ఞానం ఎలా తెచ్చుకోవాలో చెప్తూ "తద్విద్ధి ప్రణిపాతేన పరిప్రశ్నేన సేవయా" అన్నాడు. అంటే సాష్టాంగపడటం, అడగడం, సేవ చెయ్యడం. మనవాళ్ళు మొదటిది బాగా చేస్తారు, మూడోది వీలైనంత చేస్తారు, మధ్యలో ఉన్న ఆ అడగడం మాత్రం ఎవరూ చెయ్యట్లేదు, పైగా గురువుని ప్రశ్నిస్తే తప్పేమో అనుకుంటున్నారు. నా దృష్టిలో గురువుకి అసలైన గౌరవం దక్కేది అక్కడే, ఆయన చెప్పింది మనకి నిజంగా కావాలి అని అడగడం వల్లే తెలుస్తుంది కాబట్టి. కింద చెప్పే పద్ధతంతా ఈ మూడిటి చుట్టూనే ఉంటుంది.

1. ముందు మీ గురువు ఎవరో, మీ సంప్రదాయం ఏదో చూసుకోండి

మంత్రోపదేశం ఇచ్చిన గురువు ఉంటే ఏ ఇబ్బందీ లేదు, ఆయనే మీ గురువు. ఉపదేశం లేనివాళ్ళు వ్యాసుడినే గురువుగా పూజించుకోవచ్చు. ఆషాఢ శుద్ధ పౌర్ణమి అసలు పేరు వ్యాసపౌర్ణమి, వేదాన్ని నాలుగుగా విభజించి నలుగురు శిష్యులకి అప్పగించిన మహానుభావుడు ఆయన, ఆయన్ని పూజించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. దక్షిణామూర్తిని గురువుగా తలుచుకునేవాళ్ళు ఉన్నారు, దత్తాత్రేయుడిని, ఆదిశంకరుల్ని, షిర్డీ సాయిని కొలిచేవాళ్ళు ఉన్నారు. ఏదైనా సరే. ఒకరిని పట్టుకోండి, ఈ ఏడు ఒకరు, వచ్చే ఏడు ఇంకొకరు వద్దు.

ఇంట్లో పెద్దవాళ్ళని ఒకసారి కదిపి చూడండి, చాలా కుటుంబాలకి తాతల కాలం నుంచి ఏదో ఒక మఠంతోనో పీఠంతోనో సంబంధం ఉంటుంది. శృంగేరి అనో, కంచి అనో, కడప దగ్గర పుష్పగిరి అనో, మంత్రాలయం అనో, కందిమల్లాయపల్లె బ్రహ్మంగారి మఠం అనో. అది మధ్యలో తెగిపోయి ఉంటే మళ్ళీ కలుపుకోవడానికి ఇంతకంటే మంచి సందర్భం లేదు.

ఇంకో సంగతి, అందరికీ గురుపూజ రోజు ఇదే కాదు. శ్రీవైష్ణవులకి ఆచార్యుల తిరునక్షత్రాలు, అంటే వాళ్ళు పుట్టిన నక్షత్రం రోజులు ముఖ్యం, సౌరమానం మేషమాసంలో (తమిళుల చిత్తిరైలో) ఆరుద్ర నక్షత్రం నాడు రామానుజుల తిరునక్షత్రం చేసుకుంటారు, పంచసంస్కారాలు (వైష్ణవ దీక్ష) చేసిన ఆచార్యుల తనియన్, అంటే ఆయన్ని స్తుతించే శ్లోకం చెప్పుకోవడం రోజూ ఉండేదే. మాధ్వులకి మాఘ శుద్ధ నవమి మధ్వనవమి, ఇక రాఘవేంద్రస్వామి ఆరాధన శ్రావణ బహుళ ద్వితీయ, ఆయన 1671లో మంత్రాలయంలో బృందావన ప్రవేశం (సజీవ సమాధి) చేసిన తిథి అది, ముందురోజు పూర్వారాధన, ఆ రోజు మధ్యారాధన, మర్నాడు ఉత్తరారాధన. శంకర జయంతి వైశాఖ శుద్ధ పంచమి. బ్రహ్మంగారి ఆరాధన వైశాఖ శుద్ధ దశమి. పిఠాపురం శ్రీపాద శ్రీవల్లభుల జయంతి వినాయక చవితి రోజే వస్తుంది, దత్త జయంతి మార్గశిర పౌర్ణమి. మీ ఇంటి ఆచారంలో ఈ రోజుల్లో ఏదో ఉంటే అదే మీకు పెద్దది, గురుపౌర్ణమి నాడు ఊరికే ఒక నమస్కారం చేసుకున్నా చాలు.

2. తేదీ ఖాయం చేసుకోవడం

2026లో అధిక జ్యేష్ఠం వచ్చింది కాబట్టి ఆ తర్వాత పండగలన్నీ కాస్త ఆలస్యంగా వస్తాయి, గురుపౌర్ణమి జూలై 29 బుధవారం. 2025లో జూలై 10నే అయిపోయింది. ఈ తేడా పూజ మొదట్లో చెప్పుకునే సంకల్పంలో కూడా కనిపిస్తుంది, చాలామంది గమనించరు. కర్కాటక సంక్రమణం జూలై 16 ప్రాంతంలో వస్తుంది, దానికి ముందు పౌర్ణమి వస్తే ఉత్తరాయణే అని చెప్పుకోవాలి, తర్వాత వస్తే దక్షిణాయనే. అంటే 2025లో ఉత్తరాయణం, 2026లో దక్షిణాయనం. పాత కాగితం చూసి అదే చదివేస్తే తప్పవుతుంది, అందుకని ఆ ఏడు పంచాంగం చూసుకుని రాసుకోండి.

అమెరికా, ఇంగ్లండ్, ఆస్ట్రేలియాల్లో ఉన్నవాళ్ళు ఇండియా తేదీ గుడ్డిగా పాటించొద్దు. తిథి మొదలయ్యే క్షణం ప్రపంచమంతా ఒకటే అయినా సూర్యోదయం ఒక్కోచోట ఒక్కో టైమ్‌కి అవుతుంది, కాబట్టి ఒక్కోసారి రోజు మారుతుంది. పంచాంగం యాప్‌లో మీ ఊరు పెట్టి చూడండి, లేదా దగ్గర్లో ఉన్న గుడి క్యాలెండర్ చూడండి.

3. ముందు రోజు సర్దుకోవాల్సినవి

లిస్టు పెద్దదేం కాదు. పసుపు, కుంకుమ, గంధం, అక్షింతలు, తమలపాకులు, వక్కలు, పూలు, తులసి, అగరుబత్తి, కర్పూరం, ఒక కొబ్బరికాయ, అరటిపళ్ళు, ఒక కిలో బియ్యం, ఒక కొత్త కండువా గానీ జాకెట్ ముక్క గానీ. వ్యాసుడి పటం దొరక్కపోతే కంగారుపడకండి, భారతమో పోతన భాగవతమో భగవద్గీతో ఒకటి పీట మీద బట్ట పరిచి పెట్టుకోండి, ఆయన ఇచ్చిన వాఙ్మయమే ఆయన రూపం. మీ గురువుగారి ఫోటో, ఆయన ఇచ్చిన పాదుకలు ఉంటే అవి కూడా.

దీనితో పాటు ఒక కాగితం, పెన్ను పెట్టుకోండి. ఎందుకో తర్వాత చెప్తాను.

4. ఇంట్లో వ్యాసపూజ, వరసగా

పొద్దున్నే తలస్నానం చేసి, పీట కడిగి ముగ్గేసి, తూర్పు ముఖంగానో ఉత్తర ముఖంగానో కూర్చోండి. దీపం వెలిగించి ఆచమనం చెయ్యండి, ప్రాణాయామం చెయ్యండి. తర్వాత సంకల్పం. మన తెలుగువాళ్ళం శ్రీశైలాన్ని గుర్తుగా పెట్టుకుని ఎక్కడున్నామో చెప్పుకుంటాం కదా, విజయవాడ వాళ్ళకి "శ్రీశైలస్య ఈశాన్య ప్రదేశే", హైదరాబాద్ వాళ్ళకి "వాయవ్య ప్రదేశే", తిరుపతి వాళ్ళకి "ఆగ్నేయ ప్రదేశే" వస్తుంది. విదేశాల్లో ఉన్నవాళ్ళు అక్కడి పురోహితుల్ని అడిగి దేశకాల సంకీర్తన రాయించుకోండి. 2026కి మిగతాది ఇలా ఉంటుంది: శ్రీ పరాభవ నామ సంవత్సరే, దక్షిణాయనే, గ్రీష్మ ఋతౌ, ఆషాఢ మాసే, శుక్ల పక్షే, పౌర్ణమాస్యాం శుభతిథౌ, సౌమ్యవాసరే. ఆపైన మీ గోత్రం, పేరు, ఇంట్లోవాళ్ళ పేర్లు చెప్పుకుని "సమస్త గురుపరంపరా అనుగ్రహ సిద్ధ్యర్థం శ్రీ వేదవ్యాస పూజాం కరిష్యే" అని నీళ్ళు వదలండి. సంస్కృతం నోరు తిరక్కపోతే ఇదే మాట తెలుగులో చెప్పుకోండి, నిస్సంకోచంగా.

పసుపు గణపతిని చేసి ముందు ఆయనకి పూజ, బెల్లం ముక్క నైవేద్యం.

ఇప్పుడు అసలు పూజ. పీట మీద కొత్త బట్ట పరిచి దాని మీద బియ్యం పొయ్యండి. శంకర మఠాల్లో ఈ బియ్యం మీద నిమ్మకాయలు పెట్టి పూజ చేసే ఆచారం ఉంది, పూజ అయ్యాక ఆ బియ్యం కొంచెం తెచ్చుకుని ఇంట్లో బియ్యంలో కలుపుకుంటారు. ఇంట్లో నిమ్మకాయలే కావాలని లేదు, తమలపాకు మీద వక్క పెట్టినా ఆవాహనకి సరిపోతుంది. మఠాల్లో గురువుల్ని అయిదుగురు అయిదుగురుగా ఆవాహన చేస్తారు, వాటిని పంచకాలు అంటారు. కృష్ణ పంచకంలో శ్రీకృష్ణుడు, వాసుదేవుడు, సంకర్షణుడు, ప్రద్యుమ్నుడు, అనిరుద్ధుడు. వ్యాస పంచకంలో వ్యాసుడు, పైలుడు, వైశంపాయనుడు, జైమిని, సుమంతుడు. శంకర పంచకంలో శంకరులు, పద్మపాదుడు, సురేశ్వరుడు, హస్తామలకుడు, తోటకుడు. ఇంట్లో మూడూ చెయ్యలేకపోతే వ్యాస పంచకం ఒక్కటి చేసుకోండి, మధ్యన ఒక వక్క, చుట్టూ నాలుగు పెట్టి:

శ్రీ వేదవ్యాసాయ నమః
శ్రీ పైలాయ నమః
శ్రీ వైశంపాయనాయ నమః
శ్రీ జైమినయే నమః
శ్రీ సుమంతవే నమః

అని ఒక్కొక్కరికి అక్షింతలు వెయ్యండి. ఈ పేర్లు ఊరికే చదివేసి పోకుండా ఎవరెవరో పిల్లలకి చెప్పండి. పైలుడికి ఋగ్వేదం, వైశంపాయనుడికి యజుర్వేదం, జైమినికి సామవేదం, సుమంతుడికి అథర్వవేదం అప్పగించాడు వ్యాసుడు. మన తెలుగు నాట గుళ్ళలో, పెళ్ళిళ్ళలో ఎక్కువగా వినపడే కృష్ణయజుర్వేదం ఆ వైశంపాయనుడి దగ్గర్నుంచి వచ్చిన పరంపరే, అంటే మొన్న మీ ఇంట్లో గృహప్రవేశానికి వచ్చిన పురోహితుడి నోట విన్న మంత్రం వెనక ఈ పేరు ఉంది. నాకు ఈ పూజలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. మనకి గురువు ఒక్కరు కాదు, ఆయన వెనక ఆయన గురువు, ఆయన వెనక ఇంకొకరు, ఆ వరసంతా ఆ బియ్యం మీద కూర్చుని ఉంటుంది.

ఇక షోడశోపచారాలు వస్తే అవి, రాకపోతే గంధం, పువ్వు, ధూపం, దీపం, నైవేద్యం, ఈ అయిదూ చాలు. మధ్యలో చదువుకోడానికి ఈ శ్లోకాలు:

వ్యాసం వసిష్ఠనప్తారం శక్తేః పౌత్రమకల్మషం
పరాశరాత్మజం వందే శుకతాతం తపోనిధిం

వ్యాసుడు వసిష్ఠుడికి మునిమనవడు, శక్తి మహర్షికి మనవడు, పరాశరుడి కొడుకు, శుకుడి తండ్రి, ఒక్క శ్లోకంలో అయిదు తరాలు వచ్చేశాయి. తర్వాత

సదాశివసమారంభాం శంకరాచార్యమధ్యమాం
అస్మదాచార్యపర్యంతాం వందే గురుపరంపరాం

ఇది స్మార్తులు, అంటే ఆదిశంకరుల సంప్రదాయం వాళ్ళు చెప్పుకునేది. మీ సంప్రదాయం వేరైతే మీ గురుపరంపరా శ్లోకమే చదవండి, ఇది చదవాలని లేదు. ఇక గురుగీతలోని "గురుర్బ్రహ్మా గురుర్విష్ణుః" అందరికీ వచ్చిందే.

నైవేద్యం పులిహోరో, పరమాన్నమో, చక్రపొంగలో, ఏదీ కుదరకపోతే అరటిపళ్ళు, బెల్లం. హారతి ఇచ్చి, ప్రదక్షిణ చేసి, సాష్టాంగ నమస్కారం పెట్టి, క్షమాప్రార్థన చెప్పుకోండి. సాయంత్రం దీపం పెట్టాక ఉద్వాసన చెప్పి, ఆ బియ్యంతో ఒకరోజు ఇంటిల్లిపాదికీ అన్నం వండుకోండి, కొంచెం ఎవరికైనా ఇవ్వండి.

పూజ అవ్వగానే లేచిపోవద్దు. ఒక పావుగంట కూర్చుని గీతలోనో భాగవతంలోనో ఒక ఘట్టం పైకి చదవండి, ఇంట్లో అందరూ వినేలాగా. వ్యాసుడికి పువ్వులు పెట్టి ఆయన రాసింది ఒక్క పేజీ తిప్పకపోతే ఏం బాగుంటుంది చెప్పండి.

5. గురువుగారి దర్శనానికి వెళ్ళడం

సన్యాసులైన గురువులు ఈ రోజు నుంచే చాతుర్మాస్యం మొదలుపెడతారు. వ్యాసపూజ చేసి, ఇక్కడే ఉంటానని సంకల్పం చెప్పుకుని కదలకుండా ఒకే ఊళ్ళో ఉండిపోతారు. వానాకాలంలో నేలమీద పురుగూ పుట్రా ఎక్కువ, తిరిగితే కాళ్ళ కింద పడి చస్తాయి కాబట్టి అహింస కోసం పెట్టుకున్న నియమం ఇది. పేరుకి నాలుగు నెలలైనా "పక్షో వై మాసః" అని పక్షాన్నే నెలగా లెక్కవేసి నాలుగు పక్షాలు, అంటే భాద్రపద పౌర్ణమి దాకా ఉంటారు. మీకు ఇందులో లాభమేంటంటే ఆ రెండు నెలలు స్వామివారు ఎక్కడుంటారో ముందే తెలుస్తుంది. గురుపౌర్ణమి నాడు ఆ జనంలో తోసుకుని ఒక్క సెకను చూసి వచ్చేకంటే, ఆ రెండు నెలల్లో ఒక మామూలు వారం రోజున వెళ్ళండి, మాట్లాడే అవకాశం దొరుకుతుంది. పండగ రోజే వెళ్ళాలన్న కోరిక ఉంటే వెళ్ళండి, కాదనను, కానీ ముసలివాళ్ళని, చంటిపిల్లల్ని ఆ క్యూల్లో నిలబెట్టొద్దు.

ముందుగా మఠం ఆఫీసుకి ఫోన్ చేసి దర్శనం టైమ్, పాదపూజ ఉందా, భిక్షావందనం (స్వామివారికి భిక్ష సమర్పించడం) ఎప్పుడు, అని కనుక్కోండి.

బట్టలు: మగవాళ్ళకి పంచె, పైన ఉత్తరీయం, చాలా మఠాల్లో దగ్గరికి వెళ్ళేటప్పుడు చొక్కా తీసెయ్యమంటారు కాబట్టి కండువా ఒకటి దగ్గర ఉంచుకోండి. ఆడవాళ్ళకి చీర గానీ, ఓణీ గానీ, చున్నీతో పంజాబీ డ్రెస్ గానీ. ఫోన్ సైలెంట్‌లో కాదు, ఆఫ్ చేసి బ్యాగులో పెట్టండి.

ఉత్త చేతుల్తో వెళ్ళకూడదు. ఉపనిషత్తులో శిష్యుడు "సమిత్పాణి"గా, అంటే సమిధలు చేత పట్టుకుని గురువు దగ్గరికి వెళ్ళాలని ఉంది, గురువుగారి అగ్నిహోత్రానికి పనికొచ్చే పుల్లలు అవి. ఖరీదుతో పనిలేదు, ఆయనకి పనికొచ్చేది పట్టుకెళ్ళాలి అన్నది అందులో ఉన్న పద్ధతి. ఇప్పుడైతే పళ్ళు, పూలు, తులసిమాల, మఠంలో అన్నదానం ఉంటే బియ్యమో పప్పో నెయ్యో. స్వీట్ షాపు డబ్బాలు వద్దు, మడి ఉన్నచోట బయట వండినవి ముట్టుకోరు.

నమస్కారం ఎలా? మగవాళ్ళు సాష్టాంగం, ఆడవాళ్ళు మోకాళ్ళ మీద వంగి పంచాంగ నమస్కారం. గృహస్థులైన గురువులకి, ఉపనయనం అయినవాళ్ళు ప్రవర (గోత్ర ఋషుల పేర్లు, తమ పేరు) చెప్పి అభివాదనం చేస్తారు, సన్యాసులకి మాత్రం ప్రవర చెప్పరు, "ఓం నమో నారాయణాయ" అని నమస్కరిస్తారు, ఆయన "నారాయణ" అంటారు, అదే ఆశీర్వాదం. పాదాలు ముట్టుకోవద్దు. ప్రేమ ఎక్కువై చాలామంది చేసేది ఇదే, మఠాల్లో మడి నియమం ఉంటుంది, పైగా పూజలో కూర్చోబోయే పెద్దాయన అయితే మనవల్ల మళ్ళీ స్నానం చెయ్యాల్సి వస్తుంది. ఆయనే పిలిచి దగ్గరికి రమ్మంటే వేరే సంగతి. ఫలమంత్రాక్షతలు (పండు, మంత్రించిన అక్షింతలు) ఇస్తే కుడిచేయి పైన ఉండేలా ఉత్తరీయంలోనో కొంగులోనో పట్టుకోండి.

ఇప్పుడు ఆ కాగితం సంగతి. వెళ్ళే ముందు రోజు కూర్చుని మీకు నిజంగా ఉన్న సందేహం ఒక్కటి, ఒకే ఒక్కటి రాసుకోండి. మంత్రజపంలో మనసు నిలవట్లేదు అనో, నాన్నగారు పోయాక పూజ మీద ఆసక్తి పోయింది ఏం చెయ్యమంటారు అనో, గీతలో ఫలానా మాట అర్థం కాలేదు అనో. రాసుకోకపోతే అక్కడ నోరు పెగలదు, ఆయన ఎదురుగా నిలబడ్డప్పుడు అన్నీ మర్చిపోయి "పిల్లాడికి వీసా రావాలి స్వామీ" అనేసి వచ్చేస్తాం. వీసా అడగడం పాపం కాదు, కష్టం ఉన్నప్పుడు పెద్దవాళ్ళతో చెప్పుకోవడం సహజమే, కానీ అది మాత్రమే చెప్పుకుని వస్తే ఆయన దగ్గర ఉన్న అసలు సంపద మనం అడగనట్టే కదా. పరీక్షించడానికో, తెలివి చూపించడానికో అడగకండి, తెలుసుకోవాలని అడగండి. జనం ఎక్కువ ఉంటే మాట్లాడటం కుదరకపోవచ్చు, అప్పుడు ఆ కాగితం మఠంలో శిష్యుల చేతికివ్వండి, చాలాచోట్ల స్వామివారికి అందజేస్తారు.

జవాబు వచ్చిందనుకోండి, బయటికి రాగానే మాటకి మాట రాసుకోండి. సాయంత్రానికి మన మాటలు అందులో కలిసిపోతాయి.

6. పాదపూజ

ఎక్కువ మఠాల్లో పాదపూజ అంటే పాదుకలకే, మఠం పురోహితులు చేయిస్తారు, దంపతులుగా కూర్చోవాలంటే ముందే పేరు ఇచ్చుకోవాలి. గృహస్థులైన గురువుగారు ఇంటికి వస్తే మాత్రం మీరే చేసుకోవచ్చు, ఆయన ఒప్పుకుంటేనే. పీట మీద కూర్చోబెట్టి, కింద పళ్ళెం పెట్టి, గోరువెచ్చటి నీళ్ళతో కాళ్ళు కడిగి, మెత్తటి తువ్వాలుతో తడి అద్ది, పసుపు, గంధం, కుంకుమ పెట్టి, పూలతో అర్చించి, హారతి ఇవ్వండి. కడిగిన నీళ్ళు తల మీద చల్లుకుని మిగిలినవి చెట్టు మొదట్లో పొయ్యండి. వయసైన వాళ్ళైతే మోకాళ్ళ నొప్పులుంటాయి, పీట బదులు కుర్చీ వెయ్యండి, పదిమందీ ఒకరి తర్వాత ఒకరు కాళ్ళు కడిగి ఆయన్ని గంటసేపు తడి కాళ్ళతో కూర్చోబెట్టొద్దు. ఇంటిపెద్ద ఒకళ్ళు కడిగితే మిగతావాళ్ళు పూలు వేస్తే చాలు.

7. దక్షిణ

తాంబూలంలో ఆకులు, వక్కలు, రెండు పళ్ళు, బట్టలు, పైన దక్షిణ. మన అలవాటు ప్రకారం నూట పదహార్లు, అయిదొందల పదహార్లు, వెయ్యిన్నూట పదహార్లు, శక్తిని బట్టి. అప్పు చేసి ఇచ్చేది దక్షిణ కాదు. సన్యాసులకి డబ్బు చేతికివ్వకూడదు, పళ్ళెంలో పళ్ళతో పాటు పెట్టండి, లేదా మఠం కౌంటర్‌లో కట్టి రసీదు తీసుకోండి. వేదం, సంగీతం, శాస్త్రం నేర్పే గృహస్థ గురువుల విషయంలో మాత్రం చెయ్యి కాస్త ధారాళంగా ఉండాలని నా అభిప్రాయం, వాళ్ళు నోరు తెరిచి అడగరు, వాళ్ళకీ ఇంటద్దెలు, పిల్లల చదువులు ఉంటాయి.

దక్షిణ అనగానే కౌత్సుడి కథ గుర్తుకొస్తుంది. వరతంతువు అనే గురువు దగ్గర చదువు పూర్తి చేసిన కౌత్సుడు దక్షిణ ఏమివ్వను అని అడిగితే, నీ సేవ చాలు నాయనా అన్నాడాయన. ఇతను వినకుండా పదేపదే అడిగేసరికి విసుగొచ్చి, నేర్పిన విద్యలు పద్నాలుగు, పద్నాలుగు కోట్లు తెచ్చివ్వు అన్నాడు, పాపం అతను రఘుమహారాజు దగ్గరికి పరిగెత్తాల్సి వచ్చింది. గురువుగారు వద్దు అంటే బలవంతపెట్టొద్దు, నమస్కారం పెట్టి ఆగిపోండి.

8. గురువుగారు కాయం వదిలేసి ఉంటే

చాలామంది ఇక్కడ ఆగిపోతారు, ఇంక ఎవరికి చెయ్యాలి అని. ఫోటోకో పాదుకలకో అదే పూజ, అదే సంకల్పం. సన్యాసులైతే సిద్ధి పొందిన తిథి నాడు ఆరాధన జరుగుతుంది, సమాధి దగ్గరికో బృందావనం దగ్గరికో వెళ్ళి ప్రదక్షిణలు చేసి రండి. గృహస్థులైతే ఆబ్దికం వాళ్ళబ్బాయిలు పెట్టుకుంటారు, మీరు వాళ్ళింటికి వెళ్ళి గురుపత్నిగారికి నమస్కారం చేసి, పళ్ళు, బట్టలు ఇచ్చి, ఏమైనా అవసరం ఉందేమో కనుక్కుని రండి. గురువుగారు పోయాక అమ్మగారిని పలకరించేవాళ్ళే ఉండరు, సేవ అన్నమాటకి ఇంతకంటే సరైన చోటు నాకు తెలీదు. ఆయన ప్రవచనాల క్యాసెట్లు, నోట్సు మీ దగ్గరుంటే డిజిటల్‌గా మార్చి వాళ్ళింట్లో అడిగి తోటి శిష్యులకి పంచండి.

9. దూరంగా ఉన్నవాళ్ళకి

డల్లాస్‌లోనో సిడ్నీలోనో ఉంటే లైవ్ చూస్తూ నమస్కారం పెట్టుకోవచ్చు, కానీ ఫోన్ చేతిలో పట్టుకుని వంట చేస్తూ కాదు, స్నానం చేసి దీపం పెట్టుకుని ఎదురుగా కూర్చుని చూడండి. ఒక ఉత్తరం రాయండి, ఇమెయిల్ అయినా పర్లేదు, ఏం నేర్చుకున్నానో, ఇప్పుడు ఎక్కడ ఆగిపోయానో నాలుగు లైన్లు. పెద్దవాళ్ళకి డబ్బు పంపడం కంటే ఆ నాలుగు లైన్లే ఎక్కువ సంతోషం.

10. ఎవరికి మొక్కుతున్నామో చూసుకుని మొక్కడం

ఇది చెప్పకుండా వదిలేస్తే ఈ రాసినదంతా సగమే. గురువు దైవంతో సమానం అన్న మాటని అడ్డం పెట్టుకుని మోసం చేసేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ వల్ల నష్టపోయిన కుటుంబాలు మన చుట్టూనే ఉన్నాయి. శాస్త్రం కళ్ళు మూసుకోమని ఎక్కడా చెప్పలేదు. గురువు శ్రోత్రియుడై, బ్రహ్మనిష్ఠుడై ఉండాలి, అంటే శాస్త్రం చదివినవాడూ కావాలి, దాన్ని బతుకులో నిలబెట్టుకున్నవాడూ కావాలి అని ముండకోపనిషత్తు. ఇంకో మాట చూడండి, తైత్తిరీయ ఉపనిషత్తులో "ఆచార్యదేవో భవ" అని చెప్పిన వెంటనే ఆ గురువే శిష్యుడితో "యాన్యస్మాకం సుచరితాని తాని త్వయోపాస్యాని, నో ఇతరాణి" అంటాడు. మాలో ఉన్న మంచి నడవడి మాత్రమే నువ్వు తీసుకో, మిగతావి వద్దు అని. దేవుడిగా చూడు అన్న నోటితోనే ఈ మాటా చెప్పాడంటే ఎంత నిజాయితీ ఉందో ఆ పరంపరలో.

కాబట్టి ఆస్తి రాసివ్వమన్నా, ఇంట్లోవాళ్ళతో సంబంధాలు తెంచుకోమన్నా, ఒంటరిగా ఆడపిల్లని రమ్మన్నా, డాక్టరిచ్చిన మందులు మానెయ్యమన్నా, ప్రశ్న అడిగితే శాపం పెడతానని బెదిరించినా అక్కడినుంచి లేచి వచ్చెయ్యండి. గురుద్రోహం అవుతుందేమో అని భయపడొద్దు. తప్పు పని అయితే పోలీసులకి చెప్పండి.

11. ఆ రోజు తర్వాత

ఈ రెండు నెలలకి ఒక చిన్న నియమం పెట్టుకోండి. చాతుర్మాస్య వ్రతం పూర్తిగా పాటించేవాళ్ళు మొదటి నెల కూరలు, రెండో నెల పెరుగు, మూడో నెల పాలు, నాలుగో నెల పప్పులు మానేస్తారు. అందరికీ కుదరదు, ఆరోగ్యం బాగోలేనివాళ్ళు అసలు పెట్టుకోవద్దు. దాని బదులు గురువుగారు చెప్పినవాటిలో మీరు వాయిదా వేస్తూ వచ్చింది ఏదో ఒకటి ఉంటుంది కదా, రోజూ ఒక మాల జపమో, గీతలో రోజుకి రెండు శ్లోకాలు అర్థంతో చదవడమో, కోపం వచ్చినప్పుడు మాట్లాడకుండా ఉండటమో, అది ఒక్కటి పట్టుకోండి. దత్త భక్తులైతే వారం రోజుల గురుచరిత్ర పారాయణ పెట్టుకోవచ్చు.

పిల్లల్ని వాళ్ళకి అక్షరాలు దిద్దించిన టీచర్ దగ్గరికి ఒక ఆదివారం తీసుకెళ్ళండి. అక్షరాభ్యాసం ఇంకా కాని చిన్నపిల్లలుంటే బాసర మనసులో పెట్టుకోండి, వ్యాసుడు గోదావరి ఇసకతో సరస్వతిని ప్రతిష్ఠించాడని చెప్పుకునే ఊరు అది.

2026లో భాద్రపద పౌర్ణమి సెప్టెంబర్ 26న, అప్పటికి సన్యాసుల దీక్ష పూర్తవుతుంది. ఆ లోపు వీలు చూసుకుని గురువుగారి దగ్గరికి మళ్ళీ ఒకసారి వెళ్ళండి, జూలైలో ఆయన చెప్పింది ఎంతవరకు చేశారో, ఎక్కడ కుదరలేదో చెప్పండి, కుదరని చోట ఏం చెయ్యాలో అడగండి.